తెర మీద తెగిపోయే ‘కూడదు’

తెలుగు వాక్యంలో అసలు మాట చివర ఉంటుంది. ‘పాము కరిచిన చోటికి పైన తాడు గట్టిగా కట్టడం, బ్లేడుతో కోసి రక్తం తీయడం, నోటితో విషం పీల్చడం చేయకూడదు’ అనే వాక్యం చూడండి. ఇంగ్లిష్‌లో ఇదే సంగతి రాస్తే ‘వద్దు’ అనేది మొదటి రెండు మూడు పదాల్లోనే వచ్చేస్తుంది. మనకు అది ఆఖరి పదానికి అతుక్కొని ఉంటుంది.

ఇప్పుడు సెర్చ్ ఫలితాల తెరను గుర్తు తెచ్చుకోండి. ఒక్కో లింకు కింద రెండు లైన్ల ముక్క ఉంటుంది, చివర మూడు చుక్కలు ఉంటాయి. ఆ చుక్కలు ఎక్కడ పడాలో యంత్రం అర్థం చూసి తేల్చదు, చోటు చూసి తేలుస్తుంది. పై వాక్యం ‘నోటితో విషం పీల్చడం...’ దగ్గర తెగిందనుకోండి. ఏవైతే చేయొద్దో అవే వరుసగా, చేయాల్సిన పనుల పట్టీ లాగా కనపడతాయి. రాసినవాళ్లు తప్పు రాయలేదు, చదివినవాళ్లు తప్పు చదవలేదు. తప్పు జరిగింది ఆ రెండు లైన్ల పెట్టెలో.

ఆరోగ్యం గురించి ఫోన్‌లో వెతకడం మంచిదా చెడ్డదా అనే వాదన నాకు అక్కర్లేదు. హన్మకొండలోనైనా, పరకాలలోనైనా, ఏటూరునాగారంలోనైనా దవాఖానకు పోయేముందు ఒకసారి, వచ్చినాక ఒకసారి జనం వెతుకుతూనే ఉన్నారు. కాబట్టి ఆ తెర ఎట్లా పనిచేస్తుందో, ఎక్కడెక్కడ మనల్ని పక్కకు తోస్తుందో తెలిసి ఉండాలి. వెతికేవాళ్లకూ తెలియాలి, దవాఖానలకు, ల్యాబులకు, స్వచ్ఛంద సంస్థలకు సైట్లు తయారుచేసే మన పిల్లలకూ తెలియాలి.

పైన ఉన్నది ఎక్కువమందికి వచ్చేది కాదు

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఫలితాల వరుసను మనం రోగాల వరుసగా చదువుతాం. మొదట కనిపించింది మొదట అనుమానించాల్సింది అనుకుంటాం. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు విద్యార్థులకు గూగుల్ ఫలితాల వరుసను తలకిందులు చేసి చూపించారు. కింద ఉండాల్సిన, అంతగా సంబంధం లేని లింకులను పైకి తెచ్చినా ఎక్కువమంది పైవాటినే నమ్ముకున్నారు. 2007లో అచ్చయిన పని అది. ఆనాడు వాళ్లు చూసింది కంప్యూటర్ తెర మీద. ఈనాడు అరచేతిలో ఫోన్ తెర మీద ఒకేసారి కనపడే ఫలితాలు అంతకన్నా తక్కువ. అందులోనూ తెలుగు అక్షరాలకు వత్తులు, గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ కన్నా చోటు ఎక్కువ పడుతుంది.

2009లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రయన్ వైట్, ఎరిక్ హోర్విట్జ్ చేసిన పని ఇంకా తేటగా చెబుతుంది. తలనొప్పి అని వెతికితే వచ్చే పేజీల్లో మెదడులో గడ్డ ప్రస్తావన, రోజూ తాగే కాఫీ మానేస్తే వచ్చే తలనొప్పి ప్రస్తావన దాదాపు సమానంగా ఉన్నాయని వాళ్లు చూపించారు. నిజానికి మెదడు గడ్డ చాలా అరుదు, కాఫీ టీలు మానేస్తే వచ్చే తలనొప్పి మామూలు సంగతి. సెర్చ్ ఇంజన్‌కు లెక్క తెలిసింది పేజీలది. రోగులది కాదు. భయపెట్టే రోగం మీద రాసేవాళ్లు ఎక్కువ, చదివేవాళ్లు ఎక్కువ, కాబట్టి అది పైకి తేలుతుంది.

ఈ తప్పు రెండో వైపు కూడా నడుస్తుంది. మన ప్రాంతానికి అదే ఎక్కువ ప్రమాదం. వానాకాలంలో, కింద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడు. కనురెప్పలు బరువుగా వాలుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది, మింగుడు పడటం లేదు. ఒంటి మీద గాయం ఏమీ కనిపించదు. ములుగు, భూపాలపల్లి వైపు పనిచేసే డాక్టరుకు ముందు గుర్తొచ్చేది కట్లపాము కాటు. అది రాత్రిపూట కరుస్తుంది, నొప్పి ఉండదు, పంటి గుర్తు కూడా సరిగా ఉండదు. కానీ ఫోన్‌లో ‘పొద్దున్నే కడుపునొప్పి’ అని కొడితే వచ్చేవి గ్యాస్, ఎసిడిటీ, వాము నీళ్లు. లోకం మొత్తం మీద పొద్దున్నే వచ్చే కడుపునొప్పికి గ్యాసే కారణం కావచ్చు. మీ మండలంలో, ఆ నెలలో, కింద పడుకున్న మనిషికి లెక్క వేరు. ఆ లెక్క తెర దగ్గర లేదు.

వెతికే పెట్టెలో సగం మాట కొట్టగానే కింద వచ్చే సూచనలు కూడా ఇట్లాంటివే. అవి డాక్టర్లు రాసిపెట్టినవి కావు, ఇదివరకు జనం కొట్టిన మాటల నుంచి వచ్చినవి. ‘గొంతులో గడ్డ’ అని కొడుతుండగానే పక్కన ‘క్యాన్సర్’ వస్తే, చాలామందికి క్యాన్సర్ ఉందని కాదు, చాలామందికి ఆ భయం ఉందని అర్థం. భయపడినవాళ్లు దాన్నే నొక్కుతారు, నొక్కిన కొద్దీ అది అక్కడే నిలుస్తుంది. నేను చెప్పేది ఒక్కటే: సూచనను నొక్కకుండా మీ వాక్యం మీరు పూర్తిగా కొట్టండి.

ఏ మాటతో అడిగితే ఆ అల్మారా తెరుచుకుంటుంది

సర్పి సంగతి తీసుకుందాం. నడుము మీదనో, ఛాతీకి ఒక పక్కనో మంటతో నీటి బుగ్గలు లేస్తాయి. ‘సర్పి’ అని వెతికితే మంత్రాలు, పసర్లు, పూతలు, అది చుట్టూ తిరిగి కలిస్తే మనిషి పోతాడనే మాటలు. అదే జబ్బును ‘హెర్పిస్ జోస్టర్’ అని వెతికితే చిన్నప్పుడు అమ్మవారు (ఆటలమ్మ, చికెన్‌పాక్స్) పోసినప్పుడు ఒంట్లో చేరిన క్రిమి నరంలో దాగి మళ్లీ లేవడమనీ, వైరస్ మందు బుగ్గలు లేచిన 72 గంటల లోపు మొదలుపెడితే మేలు ఎక్కువనీ, కంటి చుట్టూ వస్తే వెంటనే కంటి డాక్టరుకు చూపించాలనీ ఉంటుంది. జబ్బు ఒక్కటే. ఒక మాట వెనక 72 గంటల గడియారం ఉంది, ఇంకో మాట వెనక లేదు. అవ్వ నోటి మాటతో వెతికిన మనవరాలికి ఆ గడియారం కనపడదు.

కామెర్లూ అంతే. కామెర్లకు పసరు అని వెతికితే ‘మా ఇంట్లో తగ్గింది’ అనే వ్యాఖ్యలు వందలు. కలుషిత నీళ్లతో వచ్చే హెపటైటిస్-ఏ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ వారాల్లో ఏం తాగినా దానికే పేరు వస్తుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు, మందుల వల్ల కాలేయం దెబ్బతిని వచ్చిన కామెర్లు అట్లా తగ్గవు. అయితే తగ్గనివాళ్లు ఆ వీడియో కింద వచ్చి రాయరు. తెరకు వాళ్ల గొంతు అందదు.

దీనికి ఉల్టా సమస్య యంత్రం అనువదించిన పేజీలది. తెల్లబట్ట గురించి తెలుసుకోవాలనుకున్న ఆడపిల్లకు ‘యోని ఉత్సర్గ’ అని ఉన్న పేజీ పక్కనే ఉన్నా దొరకదు, దొరికినా ఆ మాట ఎవరి నోట్లోదీ కాదు. ‘డ్రగ్’ అన్నచోటల్లా మాదకద్రవ్యం అని పడుతుంది. చదివినవాళ్లు తమ బీపీ గోలీకి అలవాటు పడిపోతామేమోనని మానేస్తే ఆ పాపం ఎవరిది?

అందుకని ఒకే జబ్బును మూడు మాటలతో వెతకండి. ఇంట్లో అనే మాట ఒకటి, పుస్తకంలో ఉండే మాట ఒకటి, డాక్టరు చీటీ మీదనో ల్యాబు రిపోర్టు మీదనో ఉన్న ఇంగ్లిష్ మాట ఒకటి. ఇంగ్లిష్ మాట తెలియకపోతే ముందు ‘సర్పిని డాక్టర్లు ఏమంటారు’ అని అడిగి, వచ్చిన మాటను తెలుగు లిపిలోనే మళ్లీ కొట్టండి. నోటితో చెప్పి వెతికేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. జరం (జ్వరం), లకువ (పక్షవాతం), ఎగపోత (ఆయాసం) లాంటి మాటలను ఫోన్ వేరే మాటగా వినే వీలుంది. పెట్టెలో ఏం పడిందో ఒకసారి చదివి, తర్వాతే ముందుకు పోవాలి.

మందుల పేర్లయితే నోటితో అసలే వద్దు. ఒక్క అక్షరం తేడాతో వేరే మందులుంటాయి. అమెరికాలో లోసెక్ అనే ఎసిడిటీ మందును లాసిక్స్ అనే మూత్రం పోయించే మందుతో కలగాపులగం చేస్తున్నారని 1990లో లోసెక్ పేరునే ప్రిలోసెక్‌గా మార్చారు. చదువుకున్న ఫార్మసిస్టులే పొరపడిన చోట, అక్షర దోషం దిద్దే యంత్రం పొరపడదా? ‘మీరు వెతికింది ఇదేనా’ అని అది దిద్దిన పేరును గోలీల అట్టతో పక్కపక్కన పెట్టి చూడండి. అట్ట మీద కంపెనీ పేరుకన్నా మందు అసలు పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలని 2018 నుంచి నిబంధన ఉంది, కొన్ని రకాలకు మినహాయింపులున్నాయి. ఆ అసలు పేరుతోనే వెతకాలి. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. మీ అట్ట మీద అది ఉంటే వెతికే పెట్టె జోలికి పోకుండా దాన్నే స్కాన్ చేయండి. మందు పేరు, తయారీదారు, బ్యాచ్, గడువు తేదీ అందులో ఉంటాయి.

అంకెలు ఏ దేశానివి

ఫలితాలకు పైన పెట్టెలో మెరిసే నేరు జవాబుల్లో అంకెలే అన్నిటికన్నా ముందు కంటికి తగులుతాయి. అంకె పక్కనున్న కొలత తగలదు.

మన ల్యాబుల్లో షుగర్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తారు. బ్రిటన్ పేజీల్లో లీటరుకు మిల్లీమోల్స్‌లో ఉంటుంది. పొద్దున్నే ఏమీ తినకుండా చేయించిన పరీక్షలో 110 వచ్చిన మనిషి ‘7 దాటితే షుగర్ జబ్బు’ అనే పెట్టెను చూస్తే గుండె జారిపోతుంది. ఆ 7ను 18తో గుణించాలి, 126 వస్తుంది. 110 అనేది 126 కింద ఉంది. ఇంకా జాగ్రత్త పడాల్సిన అంకే గానీ, పదిహేను రెట్లు పెరిగిన షుగర్ కాదు. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష అంకెను మన కొలత నుంచి వాళ్ల కొలతకు మార్చాలంటే 88.4తో గుణించాలి. మన 1.1 వాళ్లకు 97 అవుతుంది. మూడు నెలల షుగర్ పరీక్ష హెచ్‌బీఏ1సీ మనకు 6.5 శాతం అయితే అక్కడ 48. హిమోగ్లోబిన్ మనకు 12, అక్కడ 120. ఇవి నాలుగూ ఒక కాగితం మీద రాసి రిపోర్టుల ఫైల్లో పెట్టుకుంటే చాలు.

రిపోర్టు కాగితం కూడా ఒక తెరే. మామూలు హద్దు దాటిన అంకెను నల్లగా, లావుగా అచ్చేస్తారు. చాలామంది వెతుకులాట మొదలయ్యేది ఆ లావు అక్షరాల నుంచే. మామూలు హద్దులను ఎక్కువ పరీక్షలకు ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది లోపల పడేటట్టు పెడతారు. అంటే ఏ పరీక్షలోనైనా ఇరవై మంది ఆరోగ్యవంతుల్లో ఒకరు హద్దు బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షల ప్యాకేజీ చేయించుకుంటే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా కనీసం ఒకటి లావు అక్షరాల్లో వచ్చే వీలు 64 శాతం దాకా ఉంటుంది. కొంచెం దాటిన ఒక్క అంకెను పట్టుకొని అర్ధరాత్రి దాకా వెతకొద్దు. డాక్టరు దానిని మిగతా అంకెలతో, పోయినసారి రిపోర్టుతో కలిపి చదువుతారు.

పిల్లల జరం సిరప్ దగ్గర ఈ అంకెల పొరపాటు ప్రాణం మీదికే తెస్తుంది. పారాసిటమాల్ ఒక్కో మోతాదు పిల్లల బరువులో కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 15 చొప్పున వేసుకుంటే 150 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సీసా అయితే అది 6 మిల్లీలీటర్లు. 250 ఉండే సీసా అయితే 3. చిన్నపిల్లల డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటే 1.5 మాత్రమే. ‘ఏడాది బిడ్డకు 5 ఎంఎల్’ అని పెట్టెలో చూసి డ్రాప్స్ సీసా నుంచి 5 పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి, పోవాల్సిన దానికి మూడింతల పైన. మోతాదును మిల్లీలీటర్లలో చెప్పి, సీసా బలం చెప్పని ఏ పేజీనీ నమ్మకండి. సీసా మీద చదవండి, బిడ్డను తూకం వేయండి, మోతాదుకు మోతాదుకు మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచండి, రోజులో ఎన్నిసార్లు ఇవ్వొచ్చో డాక్టరునో ఏఎన్ఎమ్మునో అడగండి. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 ఫారన్‌హీట్ జరం వస్తే మాత్రం సిరప్ లెక్కలు పక్కన పెట్టి నేరుగా దవాఖానకు తీసుకుపోవాలి.

యంత్రం రాసే జవాబు, అడిగే తీరు

గూగుల్ 2024 ఆగస్టులో మన దేశంలో ఏఐ సారాంశాలను ఇంగ్లిష్, హిందీల్లో తెచ్చింది. లింకులకు పైన నాలుగు పేరాల జవాబు వస్తుంది. చక్కటి వాక్యాలు, తడబాటు ఉండదు. ఇదివరకు కనీసం పది లింకులు పది రకాలుగా చెబుతుంటే ‘వీళ్లలోనే ఒప్పుదల లేదు’ అని అర్థమయ్యేది. ఇప్పుడు ఆ తేడాలన్నీ ఒకే గొంతులో కరిగిపోతున్నాయి. ఒక దేశం మోతాదు, ఇంకో దేశం హెచ్చరిక ఒకే పేరాలో కలిసిపోయే వీలుంది. ఆ పేరా పక్కన చిన్నగా ఉండే లింకు గుర్తులను నొక్కి, అసలు పేజీలో ఆ వాక్యం ఉందా, ఉంటే దానికి ముందు ‘కిడ్నీ జబ్బు లేనివాళ్లకు’ లాంటి షరతు ఏమైనా ఉందా చూడాలి. షరతులే మొదట ఎగిరిపోతాయి.

అడిగే తీరు కూడా జవాబును మారుస్తుంది. అవునా కాదా అని అడిగే వైద్య ప్రశ్నలకు సెర్చ్ ఫలితాలు ‘అవును’ వైపే మొగ్గుతాయని అదే రయన్ వైట్ 2013లో చూపించారు. ‘మెంతులు షుగర్ తగ్గిస్తాయా’ అని అడిగితే తగ్గిస్తాయనే పేజీలు వస్తాయి, తగ్గించవని రాయడానికి ఎవరూ కూర్చోరు కదా. అందుకే రెండోసారి ‘షుగర్ గోలీలు వాడుతూ మెంతులు తింటే వచ్చే ఇబ్బందులు’ అని తిప్పి అడగండి. రెండు తెరలూ చూసినాకే ఒక మాటకు రండి.

ప్రకటనల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పైన ‘స్పాన్సర్డ్’ అని సన్నగా ఉంటే అది డబ్బు కట్టి తెచ్చుకున్న చోటు. షుగర్, క్యాన్సర్, పక్షవాతం, కిడ్నీలో రాళ్లు లాంటి జబ్బులను నయం చేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. ‘షుగర్ శాశ్వతంగా మాయం’ అని ఎవరైనా చెబితే ఆ మందు సంగతి తర్వాత, ముందు ఆ ప్రకటనే చట్టానికి విరుద్ధం.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. మన ఇండ్లల్లో నొప్పి ఒకరిది, ఫోన్ ఇంకొకరిది. బాపుకు ఛాతీలో మంట, వెతికేది ఇంటర్ చదివే బిడ్డ. బాపు వయసు 58, షుగర్ ఉంది, బీడీ తాగుతాడు అనే మూడు సంగతులు పెట్టెలో పడవు, ‘ఛాతీలో మంట’ మాత్రమే పడుతుంది. పెట్టె ‘ఎవరికి’ అని అడగదు. కాబట్టి కొట్టేముందు కాగితం మీద అయిదు రాయండి: ఎవరికి (వయసు, గర్భిణి అయితే ఎన్నో నెల), ఎక్కడ, ఎప్పటి నుంచి, దాంతో పాటు ఇంకేముంది, ఇప్పటికే వాడుతున్న గోలీలు ఏవి. ఆ కాగితంలోని మాటలన్నీ కలిపి వెతకండి. దొరకకపోయినా నష్టం లేదు, వరంగల్ ఎంజీఎం దవాఖాన ఓపీలో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆ కాగితమే చదవొచ్చు. ఓపీలో దొరికే కొద్ది నిమిషాలకు అది మస్తు పనికొస్తుంది.

వెతకనే కూడని సమయాలు కొన్ని ఉన్నాయి. ఛాతీ బరువుగా పట్టేసి చెమటలు పడుతున్నప్పుడు, మూతి వంకరపోయి ఒక చెయ్యి లేవనప్పుడు, పాము కరిచినప్పుడు, పురుగుమందు తాగినా, పత్తి చేనులో మందు కొడుతూ కళ్లు తిరిగి నోట్లో చొంగ కారుతున్నా, ఫిట్స్ ఆగకపోయినా ఫోన్ ఉన్నది 108కి చేయడానికే. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన లకువకు గడ్డను కరిగించే సూది సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పరకాల నుంచి వరంగల్ వచ్చే దారి, స్కానింగ్ సమయం అందులోనే తీసేయాలి. పురుగుమందు కేసులో కక్కించొద్దు, మందు డబ్బాను సంచిలో వేసుకొని వెంట తీసుకుపోండి. డబ్బా మీద మందు అసలు పేరు, రంగు త్రికోణం, విరుగుడు వివరం ఉంటాయి. ఎరుపు త్రికోణం అన్నిటికన్నా విషం ఎక్కువని అర్థం. బతకాలనిపించడం లేదు అనే మాటను ఇంగ్లిష్‌లో కొడితే సాయం నంబరు పెట్టె పైకి వస్తుంది, తెలుగులో మన మాటల్లో కొడితే రాకపోవచ్చు. ఆ నంబరు 14416, టెలీ మానస్, 2022 నుంచి ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

‘దగ్గర్లో దవాఖాన’ అని కొడితే మ్యాపు కింద మూడు దవాఖానల పేర్లు, జనం ఇచ్చిన రేటింగు చుక్కలు వస్తాయి. ఆ చుక్కలు పార్కింగు గురించో, రిసెప్షన్ గురించో పెట్టినవి కావచ్చు. గుండెకు స్టెంట్ వేసే ల్యాబు ఉందా, పాము విషానికి మందు నిల్వ ఉందా, ఆరోగ్యశ్రీ ఆ జబ్బుకు అక్కడ వర్తిస్తుందా అనేవి మ్యాపు చెప్పదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ హద్దును 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఏ దవాఖాన ఏ చికిత్సకు జాబితాలో ఉందో 104కి ఫోన్ చేసి అడగడమే మేలు.

సైట్లు తయారుచేసేవాళ్లకు

వరంగల్‌లో దవాఖానలకు, ల్యాబులకు సైట్లు చేసే కుర్రాళ్లు తక్కువేమీ లేరు. వాళ్ల కోసం ఇది.

నిషేధాన్ని వాక్యం ముందుకు తెండి. ‘వద్దు: తాడు కట్టడం, కోయడం, పీల్చడం’ అని రాస్తే ఎక్కడ తెగినా ప్రాణానికి ప్రమాదం లేదు. పేజీ వివరణ ట్యాగులో మొదటి పది పదాల్లోపే అసలు సంగతి పడాలి. అక్షరాల లైన్ల మధ్య దూరం అక్షర పరిమాణానికి కనీసం 1.6 రెట్లు ఉంచండి. ఇంగ్లిష్ కోసం పెట్టిన 1.2తో వత్తులు పై లైనునో కింది లైనునో తగులుతాయి, కొన్నిచోట్ల సగానికి కోసుకుపోతాయి. వత్తు పోతే ‘గుడ్డు’ ‘గుడు’ అవుతుంది.

సైట్ లోపలి వెతికే పెట్టె మన దగ్గర చాలాచోట్ల పనిచేయదు, కారణం ఎవరూ చూడరు. ‘టైఫాయిడ్’, ‘థైరాయిడ్’ మాటల్లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే పద్ధతిలో) రెండు రకాలుగా దాచొచ్చు. ఒకే గుర్తుగా ఒక పద్ధతి, ఎత్వం గుర్తు, కింది గుర్తు కలిపి ఇంకో పద్ధతి. కంటికి రెండూ ఒక్కటే, యంత్రానికి వేర్వేరు. పేజీలోని మాటనూ, అడిగిన మాటనూ ఎన్ఎఫ్‌సీ అనే ఒకే యూనికోడ్ రూపంలోకి మార్చి పోల్చితే ఇది తీరుతుంది. పొల్లు తర్వాత అక్షరం అతుక్కోకుండా పెట్టే కనిపించని గుర్తును, జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను, పోల్చేముందు రెండు వైపులా తీసేయండి. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. ‘కళ్ళు’, ‘కళ్లు’ ఒకటిగా చూడండి. ‘నొప్పికి’, ‘నొప్పితో’, ‘నొప్పులు’ అన్నీ ‘నొప్పి’ దగ్గరికి చేరాలి. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు మస్తు ఉంటారు, వాళ్లకూ దారి ఉండాలి. ఆ తర్వాత ఒక జంటల పట్టీ చేయండి: జరం–జ్వరం, లకువ–పక్షవాతం, సర్పి–హెర్పిస్ జోస్టర్, తెల్లబట్ట–వైట్ డిశ్చార్జ్, సర్ది–జలుబు, గోలీ–మాత్ర. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ఒక ఆశా కార్యకర్తతో రెండు గంటలు కూర్చుంటే చాలు.

ఫలితం ఏమీ దొరకనప్పుడు ఖాళీ పేజీ చూపించొద్దు. 108, 104 నంబర్లు నొక్కితే ఫోన్ పోయేటట్టు పెట్టండి. ఏం కొడితే ఏమీ దొరకలేదో వారానికోసారి చదవండి. మీ సైటులో లేని పేజీల జాబితా అదే. అందులో జనం పేర్లు, ఫోన్ నంబర్లు కూడా కొడుతుంటారు, అవి దాచొద్దు. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం సంగతి అటుంచి, ఒక చిన్న ఊరిలో ఒక జబ్బు పేరు, ఒక ఫోన్ నంబరు పక్కపక్కన ఉంటే అది ఎవరో అందరికీ తెలిసిపోతుంది. జరాల కాలంలో ఇచ్చే సూచనలను ఫొటోగానో, స్కాన్ చేసిన పీడీఎఫ్‌గానో మాత్రమే పెట్టకండి. తెలుగు అక్షరాలను ఫొటోలోంచి చదవడంలో యంత్రాలు ఇంకా తప్పులు చేస్తాయి, కళ్లు కనిపించనివాళ్లకు చదివి వినిపించే యాప్‌కు అది ఖాళీ బొమ్మ. అదే వివరాన్ని అక్షరాలుగా కూడా పెట్టండి. ప్రతి పేజీలో రాసినవారి అర్హత, చివరిసారి సరిచూసిన తేదీ పైనే ఉండాలి. 2002లో ఐసెన్‌బాక్, కోలర్ అనే ఇద్దరు పరిశోధకులు జనం ఆరోగ్య సైట్లు ఎట్లా చూస్తారో పక్కన కూర్చొని గమనిస్తే, ‘మా గురించి’ పేజీ తెరిచినవాళ్లు ఒక్కరూ లేరు. అక్కడ దాచిపెట్టిన అర్హత ఉన్నా లేనట్టే.

తయారైనాక అయిదుగురితో పరీక్షించండి. ఆఫీసులో వాళ్లతో కాదు. ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడ్డవాళ్లలో ఒప్పుకున్నవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల ఫోనే వాళ్ల చేతిలో ఉంచి, ‘పది కిలోల బిడ్డకు ఈ సీసాలో మందు ఎంత పోయాలో వెతకండి’ అని ఒక సిరప్ డబ్బా ఇవ్వండి. మధ్యలో సాయం చేయొద్దు. ఏం కొట్టారో, దేన్ని నొక్కారో, ఎక్కడ ఆగారో రాసుకోండి. చివరికి ఎంత పోయాలనుకున్నారో చిన్న కప్పులో నీళ్లతో పోసి చూపించమనండి, సూది లేని సిరంజీతో కొలవండి. డబ్బా మీద 5 మిల్లీలీటర్లకు 250 అని ఉంటే కప్పులో 2 నుంచి 3 మిల్లీలీటర్లు ఉండాలి. అయిదుగురిలో ఒక్కరు 5 పోసినా ఆ పేజీని ఆ రోజు జనం ముందుకు వదలకండి.